కాలేజీలో నఖాబ్ వద్దని రూల్ పెడతారంట, నేనేం రాసివ్వాలి?

తిరుపతి కామర్స్ మేడమ్

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. మొన్న స్టాఫ్ మీటింగులో, గేటు దాటి లోపలికొచ్చాక ఎవరూ ముఖం కప్పుకోకూడదని రూల్ పెడదామన్నారు. మా అందరి అభిప్రాయం శుక్రవారంలోగా కాగితం మీద రాసివ్వాలి.

దీనికి మూలం పోయిన సెమిస్టర్ పరీక్షల్లో జరిగిన గొడవ. బస్సులో చంద్రగిరి వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకామె మా సెకండియర్లో ఉంది, నఖాబ్ కట్టుకుంటుంది. హాల్ టికెట్ ఫోటోతో సరిచూడాలని ఇన్విజిలేటర్ సార్ ఆ గదిలో నలభై మంది ముందర ముఖం మీది గుడ్డ ఎత్తమన్నాడు. ఆ బిడ్డ తల వంచుకుని అట్లే నిలబడిపోయింది, ఈయన గట్టిగా అరిచాడు, పక్క గదిలో ఉన్న నన్ను పిలిచారు. నేను వరండాలోకి తీసుకుపోయి చూశాను. అర నిమిషం పట్టింది. కానీ అప్పటికే పది నిమిషాలు పోయాయి, ఆ పేపరు ఆమె సరిగ్గా రాయలేకపోయింది.

నా మనసులో ఉన్నది దాచను. నాకు నఖాబ్ నచ్చదు. పాఠం చెప్పేటప్పుడు నేను ముఖాలు చూస్తాను, ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో అక్కడే తెలుస్తుంది. పైగా అది ఆమె ఇష్టమో, ఇంట్లోవాళ్ళ బలవంతమో నాకు తెలియదు. ఫ్రాన్స్, డెన్మార్క్ లాంటి దేశాలే నిషేధించాయి కదా అని మీటింగులో అన్నారు. అయినా ఆ రోజు వణుకుతున్న ఆ చెయ్యి గుర్తొస్తే సంతకం పెట్టలేకపోతున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

చిత్తూరు కోర్టు వీధి

మేడమ్, ముందు మూడు మాటలు విడదీసి చూడండి, చాలామంది కలిపేస్తారు. తలకు కట్టుకునేది హిజాబ్, ఒళ్ళంతా వేసుకునేది బురఖా, ముఖానికి కట్టేది నఖాబ్. ఉడుపి కాలేజీలో మొదలై పెద్దదైన కర్ణాటక కేసు తలగుడ్డ గురించి, ముఖం గురించి కాదు. 2022 మార్చి 15న అక్కడి హైకోర్టు, కాలేజీల్లో తలగుడ్డను ఆపిన ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది, అక్టోబరు 13న సుప్రీంకోర్టులో జస్టిస్ హేమంత్ గుప్తా, జస్టిస్ సుధాంశు ధూలియా చెరో తీర్పు ఇవ్వడంతో అది ఎటూ తేలక పెద్ద బెంచికి పోయింది.

ముఖం విషయంలో కోర్టులు కాస్త గట్టిగానే ఉన్నాయి. ఓటరు జాబితాలో ముఖం కనిపించే ఫోటో వద్దని తమిళనాడు నుంచి ఒకరు వేసిన కేసును 2010లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ముంబైలో ఒక కాలేజీ సర్క్యులర్ మీద 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు హిజాబ్, టోపీ, బ్యాడ్జీ నిషేధాన్ని ఆపింది గానీ, క్లాసులో బురఖాకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. కేరళలో ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ 2019లో తన కాలేజీల్లో ముఖం కప్పుకోవద్దని తానే చెప్పింది. కాబట్టి మీ కాలేజీ రూల్ పెడితే అది కోర్టులో నిలబడినా నిలబడొచ్చు. కానీ నిలబడుతుందా అనేది ఒక ప్రశ్న, పెట్టాలా అనేది వేరే ప్రశ్న.

అలిపిరి రోడ్డు

పెట్టాల్సిందే. నేను బ్యాంకులో బంగారం లోన్ల దగ్గర పని చేస్తాను. ముఖం చూడకుండా నగ తీసుకోలేను, నగ ఇవ్వలేను, రేపు ఎవరో వచ్చి నా గొలుసు వేరేవాళ్ళకిచ్చారంటే ఉద్యోగం పోయేది నాది. నలుగురూ తిరిగేచోట మనిషి ముఖం కనపడాలని కోరడం మతద్వేషం కాదు.

ఇంకొకటి. ఫ్రాన్స్ చట్టం ఆడవాళ్ళ మీద కక్షతో చేసిందని అందరూ అంటారు. అది 2011 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ముఖం కప్పుకున్న ఆమెకు జరిమానా 150 యూరోల దాకానే, బలవంతంగా కప్పించిన వాడికి 30,000 యూరోల జరిమానా, ఏడాది జైలు. ఇంట్లో నోరెత్తలేని ఆడపిల్లకు ‘కాలేజీలో రూల్ ఉంది నాన్నా’ అని చెప్పుకునే వీలు దొరుకుతుంది కదా. నాకూ ఇద్దరు కూతుళ్ళున్నారు, ఆ బాధతోనే అంటున్నాను.

పుంగనూరు టైలరమ్మ

అన్నా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ మీరు చెప్పిన ఆ ఇల్లు మా ఇల్లే, అక్కడ ఏం జరుగుతుందో నేను చెప్తాను.

2004లో నేను ఇంటర్ పాసైతే మా వంశంలో అంతవరకు చదివిన ఆడపిల్ల నేనే. డిగ్రీకి మదనపల్లె పోవాలి, రోజూ బస్సు. మా అబ్బాజాన్ నెల రోజులు ఒప్పుకోలేదు. చివరికి మా చిన్నమ్మ మధ్యలో పడి, బురఖా వేసుకుని ముఖం కప్పుకుని పోతుందిలే అంటే సరేనన్నాడు. ఆ గుడ్డ ముక్క నాకు మూడేళ్ళ బస్సు పాసు లాంటిది. అప్పుడు కాలేజీ వాళ్ళు అది తీసేయమని రూల్ పెట్టుంటే మా అబ్బా కాలేజీతో గొడవ పెట్టుకునేవాడు కాదు, పోయి నా టీసీ తెచ్చేసేవాడు. కూతురు చదువు మాన్పించడానికి మా ఇంట్లో ఎదురుచూస్తున్న వాళ్ళు నలుగురున్నారు, వాళ్ళకు ఇంకొక కారణం దొరికేది.

ముప్పై వేల యూరోలన్నారు. బలవంతం చేశాడని ఎవరు చెప్పాలి? ఆ బిడ్డే కదా. కన్నతండ్రిని పోలీసులకు పట్టించేంత ధైర్యం ఉన్న పిల్లకు గుడ్డ తీయడానికి మీ చట్టం అక్కర్లేదు.

ఇప్పుడు నేను బురఖా వేసుకుంటాను, ముఖం కప్పుకోను. ఎవరూ తీయమనలేదు. డిగ్రీ అయింది, మిషను కొన్నాను, అంగడి పెట్టాను, కొలతలు తీసేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు అడ్డమనిపించి మెల్లగా మానేశాను. మా అమ్మ హజ్‌కు పోయినప్పుడు ఇహ్రామ్‌లో, అంటే హజ్ దీక్షలో ఉన్నప్పుడు, ఆడవాళ్ళు నఖాబ్ కట్టుకోకూడదని తెలిసి, మా అబ్బానే కొంచెం మెత్తబడ్డాడు. మా అక్క కూతురు అసలు కట్టుకోలేదు. ఒక ఇంట్లో ఈ మార్పు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది, ఆ ఇరవై ఏళ్ళలో మొదటి మూడేళ్ళు నేను కాలేజీకి పోబట్టే వచ్చింది. ఇష్టంతో కట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు, నాతో చదివిన ఆమె ఇప్పటికీ కట్టుకుంటుంది, ఆమెను నేను తప్పు పట్టను.

మేడమ్, మీరు వరండాలోకి తీసుకుపోయి చూశారే, నాకు అట్లా చేసిన మేడమ్ ఒకామె ఉండేది. ఆమె మొహం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఎస్వీయూ హిస్టరీ

ఇరాన్ సంగతి చూడండి. 1936లో రెజా షా ముసుగు మీద నిషేధం పెట్టాడు, వీధుల్లో పోలీసులు లాగేస్తుంటే చాలామంది ఆడవాళ్ళు ఇల్లు దాటడమే మానేశారు. 1979 విప్లవం తర్వాత అదే దేశంలో తల కప్పుకోవడం తప్పనిసరి చేశారు, 2022 సెప్టెంబరులో తల సరిగ్గా కప్పుకోలేదని పట్టుకున్న మహ్సా అమీనీ అనే అమ్మాయి పోలీసుల అదుపులో ఉండగా చనిపోయింది. తీయించడానికైనా, కట్టించడానికైనా పోలీసే వచ్చాడు.

మన ఊళ్ళోనే ఎండాకాలంలో స్కూటీ మీద పోయే అమ్మాయిలు కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా చున్నీ చుట్టుకుంటారు. వాళ్ళను ఎవరూ ఆపి అడగరు.

అలిపిరి రోడ్డు

చెల్లెమ్మా, టీసీ మాట నేను ఆలోచించలేదు. వీధిలో జరిమానా వేయాలనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పరీక్షలో, బ్యాంకులో, వైవాలో ముఖం చూపించాల్సిందే, అక్కడ మాత్రం నేను దిగిరాను.

చిత్తూరు కోర్టు వీధి

అక్కడ దిగిరావాల్సిన పని కూడా లేదు. నెదర్లాండ్స్ 2019లో వీధిని వదిలేసి నిషేధాన్ని బడులు, ఆస్పత్రులు, ప్రభుత్వ ఆఫీసులు, బస్సులు, రైళ్ళ వరకే పరిమితం చేసింది. నాకైతే అది కూడా ఎక్కువే, బస్సే లేకపోతే ఆమె ఆస్పత్రికి ఎట్లా పోతుంది? ఫ్రాన్స్ చట్టాన్ని 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు ‘కలిసి బతకడం’ అనే కారణంతో సమర్థించింది. 2018లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ మాత్రం ఇద్దరు ఆడవాళ్ళ ఫిర్యాదు మీద అది తప్పంది, ఇట్లాంటి నిషేధం వాళ్ళను ఇళ్ళకే పరిమితం చేయగలదని చెప్పింది. టైలరమ్మ చెప్పిందీ అదే.

తిరుపతి కామర్స్ మేడమ్

అందరికీ థ్యాంక్స్. టైలరమ్మ గారూ, మీరు రాసింది చదివాక నిన్న ఆ అమ్మాయినే స్టాఫ్ రూంలో కూర్చోబెట్టి అడిగాను. ఇన్ని రోజులూ మేమంతా ఆమె గురించి మాట్లాడుకున్నాం, ఆమెతో ఎవరూ మాట్లాడలేదు, నాతో సహా. ఇది ఇష్టమా, బలవంతమా అని అడగడానికి నోరు రాలేదు, పాఠం వినేటప్పుడు ఇబ్బందిగా ఉంటుందా అని మాత్రం అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘మేడమ్, నన్ను మొదటి బెంచీలో కూర్చోనిస్తే మీ క్లాసులో తీసేస్తాను, అబ్బాయిలందరూ నా వెనకే కదా ఉంటారు’ అంది. ఇప్పటిదాకా ఆమె చివరి బెంచీ.

రూల్ వద్దని రాశాను. పరీక్ష రోజు వరండాలో ఒక బల్ల వేసి, హాల్ టికెట్లు చూడటానికి ఇద్దరు లేడీ స్టాఫును కూర్చోబెట్టాలని, వైవాకు లేడీ ఎగ్జామినర్ ఉండేట్టు చూడాలని, ముఖం చూడాల్సిన చోట తప్పక చూడాలని, కానీ పదిమంది ముందర ఎత్తమని ఎవరినీ అడగకూడదని రాశాను. నా పేరు రాసి సంతకం పెట్టి ఈరోజు మధ్యాహ్నం ఇచ్చేశాను. ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం మొదటి పీరియడ్ నాదే, మొదటి బెంచీలో ఒక చోటు ఖాళీగా పెట్టమని క్లాస్ లీడర్‌కు చెప్పాను.