ఫిజియోథెరపీ: రెండేళ్ల డిప్లొమానా, బీపీటీనా?

నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా చెల్లి ఇంటర్ బైపీసీ పాసైంది. నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు ఫిజియో గారు రోజూ ఇంటికొచ్చి చెయ్యి, కాలు ఆడించేవారు. ఆరు నెలలకు నాన్న కర్ర సాయంతో సందు చివరిదాకా నడిచారు. ఆ రోజు చెల్లి ఏడ్చేసింది. అప్పటి నుంచి ఇదే చదువుతానంటోంది.

బీపీటీ అంటే ఫిజియోథెరపీలో డిగ్రీ, నాలుగేళ్లు, ఆపైన ఇంటర్న్‌షిప్. ఫీజుల గురించి అమ్మకు టెన్షన్. విజయవాడలో ఒకచోట రెండేళ్ల ఫిజియో అసిస్టెంట్ డిప్లొమా ఉందన్నారు. అనుబంధ ఆరోగ్య వృత్తులపై వచ్చిన 2021 కేంద్ర చట్టం ఇలాంటి డిప్లొమా కోర్సు కనీసం 2000 గంటలు ఉండాలంటోంది. అందులో పేషెంట్ల దగ్గర ఎన్ని గంటలు నేర్పిస్తారని అడిగితే వాళ్లు సూటిగా చెప్పలేదు. అప్పు చేసైనా బీపీటీయే మేలని నాకనిపిస్తోంది.

ఆ డిప్లొమా చేసినవాళ్లు ఉంటే చెప్పండి, ఉద్యోగం దొరికిందా? తర్వాత బీపీటీలో చేరనిచ్చారా?