గుంత ఇండక్షన్ పొయ్యి: అడుగు మాడుతోంది, మధ్యలో ఆగిపోతోంది

ప్రశ్న: గట్టులో బిగించిన 3 కిలోవాట్ల పొయ్యి అండి, గుండ్రటి అడుగు కడాయి కూర్చునేలా గాజు గుంతగా ఉంటుంది. కడాయి అడుగు మాడుతోంది, అంచులు వేడెక్కవు. కాసేపటికి దానంతటదే ఆగిపోతోంది. గాజు గుంతలో తెల్ల మచ్చలు కూడా. ఏం చేయాలి?

జవాబు 1: కడాయి వంపు, గాజు వంపు కలవడం లేదండి. కడాయి పెట్టి చుట్టూ సందు చూడండి. కొద్ది మిల్లీమీటర్ల ఎడం ఉన్నా అక్కడ వేడి బాగా తగ్గుతుంది. పొయ్యితో వచ్చిన కడాయే మేలు. వేరేది కొంటే అడుగునే కాదు, పక్కలకూ అయస్కాంతం గట్టిగా అతుక్కోవాలి. కడాయి ఎత్తి ఎగరేయకండి, ఎత్తగానే వేడి ఆగుతుంది. గరిటెతోనే తిప్పండి.

జవాబు 2: ఆగిపోవడం ఎక్కువగా గాలి ఆడకే. కింద అరలో డబ్బాలు, కవర్లు తీసేయండి. చల్లగాలి వచ్చే దారి, వేడిగాలి పోయే దారి వేరుగా ఉండాలి, లేకపోతే ఫ్యాన్ ఆ వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. జిడ్డు ఫిల్టర్ ఉంటే కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. 230 వోల్టుల దగ్గర ఇది 13 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, విడి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్) తప్పనిసరి.

జవాబు 3: తెల్ల మచ్చలు ఉప్పునీటివి. గాజు చల్లారాక వెనిగర్‌లో తడిపిన గుడ్డ పది నిమిషాలు పరిచి తుడవండి. స్టీలు పీచు వద్దు. బ్లేడు కూడా వంపుకి ఆనదు, దాని మూలలు గీతలు పెడతాయి. బెల్లం పాకం పొంగితే మాత్రం చల్లారనివ్వకండి: ఆపేసి, చేతికి మందపాటి గ్లౌజు వేసుకుని వెంటనే తుడవండి. గట్టిపడితే గాజు పెచ్చు లేస్తుంది.