స్టీర్ల పోటీలో వరుస పెట్టడం ఎలా? టెక్సస్‌కు కొత్తగా వచ్చాను

అందరికీ నమస్కారం. తిరుపతిలో పశువైద్యం చదివి, పై చదువుకు ఈ మధ్యే టెక్సస్ వచ్చాను. పోటీ పశువులను అంచనా వేయడం నేర్చుకునే విద్యార్థి జట్టుకు తోడుగా ఉండమని మా ప్రొఫెసర్ చెప్పారు. మొన్న నాలుగు స్టీర్లకు (మాంసం కోసం పెంచే కోడెలకు) మేలైనదాని నుంచి మొదలుపెట్టి నేను పెట్టిన వరుస, న్యాయనిర్ణేత పెట్టిన వరుస పూర్తిగా తలకిందులుగా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఒంగోలు జాతి ప్రదర్శనలు చూస్తూ పెరిగినవాణ్ని. ఎక్కడ పొరబడుతున్నాను?

——

తమ్ముడూ, నీ కన్ను మంచిదే. అది అలవాటు పడిన పశువు వేరు. మన దగ్గర ఎత్తు, మూపురం, గంగడోలు, నడకలోని ఠీవి చూస్తాం. ఆ ఎద్దు బతికి బరువు లాగాలి, జాతిని నిలపాలి. స్టీరు అంటే చిన్నప్పుడే విత్తులు తీయించి మాంసం కోసం పెంచిన కోడె. మొదటి ఏడాది నేనూ పొడుగ్గా, రాజసంగా నిలబడినదాన్నే పైన పెట్టి మార్కులు పోగొట్టుకున్నాను.

మన బండలాగుడు పందేల్లో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని విభాగాలు ఉంటాయి కదా, ఇక్కడ ముందు జాతి, తర్వాత బరువు. ఒక విభాగంలో అన్నీ ఇంచుమించు ఒకే బరువు, 1,300 పౌండ్ల అటూ ఇటూ. కాబట్టి ఆ బరువంతా ఏమిటన్నదే అసలు ప్రశ్న: కండా, కొవ్వా, ఎముకా, కడుపులోని మేతా?

ముందు పశువు వెనక, తన్నుకు అందనంత దూరంలో నిలబడు. తొడల మధ్యభాగం తుంటికన్నా వెడల్పుగా ఉబికి ఉండాలి, కాళ్లు ఎడంగా పడాలి. వెన్ను మీద కండ ఉంటే పైభాగం గుండ్రంగా తిరుగుతుంది. కొవ్వు ఎక్కువైతే బల్లపరుపుగా కనిపిస్తుంది, తోక మొదట్లో గడ్డలు, రొమ్ము దగ్గర వేలాడే సంచీ కూడా ఉంటాయి. ఈ తేడా పట్టుబడితే సగం పని అయినట్టే.

హ్యూస్టన్ పోటీలో వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి తీసుకురావాలి. అలాంటి నియమం లేనిచోట వాటిని పైకి దువ్వి, కాలు లావుగా కనిపించేలా నిలబెడతారు. అందుకే ముట్టుకునే అవకాశం ఇస్తే చివరి పక్కటెముకల మీద వేళ్లు ఆనించి చూడు. నీ పిడికిలి బిగించి కణుపులు తడిమితే ఎలా ఉంటుందో అలా తగిలితే కొవ్వు చాలలేదు. అరచేయి చాచి వెనకవైపు తడిమినట్టుంటే సరిపోయింది. బొటనవేలి కింది మెత్తటి కండలా ఉంటే మితిమీరింది. పన్నెండు, పదమూడో పక్కటెముకల మధ్య దాదాపు సెంటీమీటరు మందం కొవ్వు ఉంటే బాగున్నట్టు. మాంసం నాణ్యతకు ఇచ్చే ప్రైమ్, చాయిస్ అనే శ్రేణులు కండలోపల సన్నటి దారాల్లా ఉండే కొవ్వును బట్టి వస్తాయి. అది కోసిన తర్వాతే కనిపిస్తుంది, పైనుంచి ఊహించగలం అంతే.

ఆ తర్వాత నడక. ముందు గిట్ట లేచిన చోటనే వెనక గిట్ట పడాలి.

నాలుగు పశువులకు నువ్వు పెట్టే వరుసకు పూర్తి మార్కులు 50. స్పష్టమైన తేడాను తారుమారు చేస్తే ఎక్కువ పోతాయి, స్వల్పమైనదాన్ని తప్పితే తక్కువ. కాబట్టి అందరికన్నా మెరుగైనదాన్నీ, అందరికన్నా వెనకబడినదాన్నీ ముందు తేల్చుకుని, మధ్యలోవాటి గురించి తర్వాత తల పట్టుకో. కారణాలు నోటితో చెప్పాల్సి వస్తే రెండు నిమిషాలు దాటకూడదు. ఒక్కొక్కదాన్నీ వర్ణించకు, జంటను పోల్చు. కింద పెట్టినదానిలోని మంచిని కూడా ఒప్పుకో. నాకు ఈ పోటీల్లో అన్నిటికన్నా నచ్చే మర్యాద అదే.

బరిలో మూపురం ఉన్న బ్రాహ్మన్ జాతి కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడు. ఆ జాతి సంఘం 1924లో హ్యూస్టన్‌లో పుట్టింది, దాని రక్తంలో మన ఒంగోలు కూడా ఉంది. అయితే స్టీరు తరగతిలో మూపురానికి మార్కులు లేవు. వదులు చర్మం మాంసం కాదు కనుక గంగడోలు పెద్దదైతే అది లోపమే.

——

బాబూ, అన్నయ్యగారు పశువు గురించి చెప్పారు, నేను తాడు పట్టుకున్న పిల్లల గురించి చెబుతాను. మాది శాకాహార కుటుంబం. అయినా మా అమ్మాయి ఫోర్-హెచ్ అనే పిల్లల సంఘంలో చేరి ఒక స్టీరును పెంచింది. రోజూ బడికి ముందే లేచి మేత వేసి, కడిగి, నడిపించేది. వాళ్ల చేతిలోని పొడవాటి కర్ర కొట్టడానికి కాదు. గిట్టలు సర్దడానికి, పొట్ట కింద గోకి శాంతపరచడానికి. రేపు నువ్వే న్యాయనిర్ణేతవై చివరి స్థానం ఇచ్చినా కారణం ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పు. పోటీ ముగిశాక ‘ఇప్పుడు దీన్ని ఏం చేస్తారు?’ అని మాత్రం అడగకు. ఏం చేస్తారో వాళ్లకు తెలుసు. మా బంధువు ఒకరు అలా అడిగితే, ఇంటికి వచ్చేవరకూ మా అమ్మాయి ఏడుస్తూనే ఉంది.