గుమ్మడికాయ కేకు నడుమ దిగిపోతోంది, మూడోసారి కూడా! ఎవరైనా చెప్పండి

నాగోలు వదిన, రాత్రి 9:40
పొద్దున పదకొండు నుంచి ఇదే పని. మూడు కేకులు పోయాయి. ఒవెన్‌లో ఉన్నంతసేపు చక్కగా పొంగుతుంది, దాల్చినచెక్క వాసన మెట్లదాకా వస్తుంది. బయటికి తీసిన పది నిమిషాలకు నడుమ గుంట. కోస్తే అంచులు బాగానే ఉంటాయి, మధ్యలో మాత్రం హల్వాలా జిగటగా కత్తికి అంటుకుంటోంది. మా చెల్లి చెప్పిన కొలతలే వేశాను, చెంచా కూడా తేడా లేదు. వాళ్లు డాలస్‌లో ఏటా నవంబరులో థాంక్స్‌గివింగ్‌కు చేసుకుంటారు, ఎప్పుడూ పాడవలేదట. ఆరేళ్ల తర్వాత పిల్లలతో దసరాకు వచ్చింది. ఇప్పుడు కరీంనగర్‌లో అత్తగారింట్లో ఉంది, పండుగ రోజు మా ఇంటికి వస్తారు. "పెద్దమ్మా, పంప్‌కిన్ కేక్ చేస్తావా" అని చిన్నది ఫోన్‌లో అడిగింది, సరే అన్నాను. ఎల్లుండే పండుగ. చాలా టెన్షన్‌గా ఉంది, ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి.

మోండా మార్కెట్, 9:52
గుజ్జులో నీళ్లు ఎక్కువ. వడకట్టండి.

నాగోలు వదిన, 9:55
వడకట్టడం దేనికండీ? మిక్సీలో మెత్తగా పట్టాను. ఒక్క ఉండ లేదు.

బేగంబజార్ బాబాయ్, 10:08
అమ్మా, ఈ కేకుకు ప్రాణం మసాలా. దాల్చినచెక్క ఏది వాడారో ముందు చెప్పండి. మన కిరాణా కొట్లలో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా దొరికేది కాసియా. మందంగా, గట్టిగా, ఒకే పొరగా ఉంటుంది. శ్రీలంక దాల్చినచెక్క అలా ఉండదు. కాగితంలాంటి పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకుని చుట్టలా ఉంటుంది, వేళ్లతో నలిపితే విరుగుతుంది. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ మోతాదు మించి తింటే కాలేయానికి మంచిది కాదు. జాజికాయ పొడి కొనకండి, కాయ తెచ్చుకుని పిండి కలిపే ముందు తురుముకోండి. పొడి చేసి నిలవుంచితే ఆ నూనె వాసనంతా పోతుంది. లవంగం మాత్రం చిటికెడు దాటొద్దు, నోరు మొద్దుబారుతుంది. ఆల్‌స్పైస్ అని రాసి ఉంటే గరం మసాలా వేయకండి. అది మసాలాలన్నీ కలిపిన పొడి కాదు, ఒకే చెట్టు ఎండుకాయ.

కొత్తపేట, 10:15
బాబాయ్, అమెరికాలో అమ్మేది కూడా ఎక్కువగా కాసియానే. పిల్లలకు ఆ ఘాటే అలవాటు. పండక్కి ఒక్క కేకు తింటే ఏమీ కాదు.

బేగంబజార్ బాబాయ్, 10:19
తెలియక తినడం వేరు, తెలిసి తినడం వేరు. ముప్పై ఏళ్లుగా మసాలా దినుసులు కొంటున్నాను. తేడా తెలిసినవాళ్లు తగ్గిపోయారనే నా బాధ.

నాగోలు వదిన, 10:21
మసాలా బాగానే కుదిరింది బాబాయ్. నడుమ పచ్చిగా ఉంటోంది, అదే నా సమస్య.

ఈసీఐఎల్ టీచర్, 10:30
అమ్మా, అసలు విషయాలు రాయలేదు మీరు. ఒవెన్ ఏది? టిన్ను ఎంత? కొలతలు ఏమిటి? గుమ్మడికాయ ఏ రకం, ఎలా ఉడికించారు?

నాగోలు వదిన, 10:36
ఓటీజీ, 180 డిగ్రీలు, 45 నిమిషాలు. టిన్ను గుండ్రంది, 6 అంగుళాలు. మైదా ఒకటిన్నర కప్పు, గుజ్జు ఒక కప్పు, నూనె అర కప్పు, పంచదార ఒక కప్పు, గుడ్లు రెండు, వంటసోడా టీస్పూను, ఉప్పు, మసాలాలు. గుమ్మడికాయ మామూలుదే.

వనస్థలిపురం అత్తయ్య, 10:41
మామూలుదంటే ఏది తల్లీ? మా ఇంట్లో గుమ్మడికాయ అంటే వడియాలు పెట్టేది, గుమ్మానికి కట్టేది. దాంతో చేస్తే నీళ్లే కదా ఉండేది!

కొత్తపేట, 10:44
అది బూడిద గుమ్మడి. ఉత్త గుమ్మడికాయ అంటే పులుసులో వేసే ఎర్రదే, మా గుంటూరు వైపు అందరూ అలాగే అంటారు.

వనస్థలిపురం అత్తయ్య, 10:49
మరి గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎందుకు? మోసుకెళ్తే భుజానికి బూడిద అంటుతుంది కనుకే. ఎర్రదానికి బూడిద ఎక్కడిది? పెద్దవాళ్లు గుమ్మడికాయ అంటే బూడిదదే అనుకున్నారు కాబట్టే ఆ సామెత పుట్టింది.

కొత్తపేట, 10:53
సామెత సరే అత్తయ్యా, బజారులో మాట వేరు. రెండూ ఒక కుటుంబమే అయినా జాతులు వేరు. బూడిదది బెనిన్‌కాసా, ఎర్రది కుకుర్బిటా. అమెరికా డబ్బాల్లో వచ్చేది ఎక్కువగా డికిన్‌సన్ అనే రకం, అది మన తీపి గుమ్మడి జాతే. హాలోవీన్‌కు ముఖాలు చెక్కే కాయలు మళ్లీ వేరే జాతి.

వనస్థలిపురం అత్తయ్య, 10:58
ఏ జాతైనా నిండు కాయకు ఆడవాళ్లు మొదటి గాటు పెట్టకూడదు. మా ఆయన కోసిచ్చాకే నేను ముక్కలు చేస్తాను. అది పాటించారా లేదా? పైగా నవరాత్రుల్లో గుడ్డు కేకు ఎవరికి పెడతారు?

నాగోలు వదిన, 11:02
కోసిన ముక్కే తెచ్చాను అత్తయ్యా, రైతుబజార్లో, కిలోన్నర. లోపల మంచి నారింజ రంగు. దసరా రోజు మా ఇంట్లో యాట మాంసం వండుతాం, గుడ్డుతో ఇబ్బంది లేదు. టీచర్‌గారూ, కుక్కర్‌లో గ్లాసు నీళ్లు పోసి నాలుగు విజిల్స్ పెట్టాను. ఆ నీళ్లతోనే మిక్సీ పట్టాను, సారం పోకూడదని.

ఈసీఐఎల్ టీచర్, 11:15
అదీ సంగతి. పచ్చి గుమ్మడికాయలోనే నూటికి తొంభై పాళ్లు నీళ్లు. దానికి మీరు గ్లాసు కలిపారు. మీ చెల్లి అక్కడ వాడేది డబ్బా గుజ్జు అయి ఉంటుంది, అందులో నీళ్లు ముందే తీసేస్తారు. అందుకే ఆమె ఒక కప్పూ మీ ఒక కప్పూ ఒకటి కావు. సోడా గాలి, ఆవిరి కలిసి పిండిని పైకి లేపుతాయి. నీళ్లు ఎక్కువైతే లోపల పిండి ఉడికి గట్టిపడేలోపే పైభాగం ఎర్రబడుతుంది, మీరు తీసేస్తారు. చల్లారగానే పట్టు లేక కూలుతుంది.

మిగిలిన గుజ్జు పారేయకండి. పలచటి నూలుగుడ్డలో మూటకట్టి గంటసేపు వేలాడదీయండి, చివర్లో చేత్తో పిండండి. నేను మొదటిసారి రెండు కప్పుల గుజ్జు కడితే ముప్పావు కప్పు నీళ్లు దిగాయి, నేనే నమ్మలేదు. టైము లేకపోతే వెడల్పు మూకుడులో సన్నమంట మీద కలుపుతూ, గరిటె లాగితే అడుగు కనబడేదాకా ఉంచి, పూర్తిగా చల్లార్చండి. చెంచాడు తీసి ప్లేటులో పెడితే కుప్పలా నిలబడాలి, చుట్టూ నీటి తడి రాకూడదు. అప్పుడు కప్పుతో కొలవండి.

ఇంకోటి, ఆ పిండికి 6 అంగుళాల టిన్ను చాలదు. 8 అంగుళాలది తీసుకోండి, లేదా రెండు చిన్నవాటిలో సగం సగం పోయండి. ఓటీజీని పదిహేను నిమిషాలు ముందే వేడి చేయండి. 40 నిమిషాలు దాటేదాకా తలుపు తీయొద్దు. పుల్ల నడుమ గుచ్చి చూడండి, అంచున కాదు.

నాగోలు వదిన, 11:24
8 అంగుళాలది లేదు. స్టీలు టిఫిన్ డబ్బాలో చేయొచ్చా?

మోండా మార్కెట్, 11:26
వద్దు. అల్యూమినియం గిన్నె, వెడల్పుది.

బేగంబజార్ బాబాయ్, 11:31
గుజ్జును మూకుడులో దగ్గరకు చేసేటట్టయితే శొంఠి, దాల్చినచెక్క పొడి దించేముందు అందులోనే వేయండి. వేడికి వాసన విప్పుకుంటుంది.

వనస్థలిపురం అత్తయ్య, 11:38
దిగిన నీళ్లు పారబోయకమ్మా, చారులో పోసుకోవచ్చు.

నాగోలు వదిన, 12:05
మూటకట్టి సింకు కుళాయికి వేలాడదీశాను. కింద గిన్నెలో అప్పుడే అర గ్లాసు పసుపుపచ్చ నీళ్లు. పక్కింటావిడ దగ్గర పెద్ద కేకు గిన్నె ఉందట, పొద్దున తెచ్చుకుంటాను. థాంక్స్ టీచర్‌గారూ, అందరికీ. పడుకుంటాను.

అత్తాపూర్, మర్నాడు ఉదయం 7:10
నాకు ఓటీజీ లేదు. ఇదే కేకు కుక్కర్‌లో ఇసుక పోసి చేయొచ్చా? ఎన్ని నిమిషాలు?