ఆర్కేడ్ మెషీన్‌కు పీసీ కలిపితే బొమ్మ రెండుగా వస్తోంది

అన్నలూ, మాది నల్గొండ. మూతపడ్డ గేమ్ పార్లర్ నుంచి ఒక ఆర్కేడ్ మెషీన్ కొన్నాను, లోపల పాత ట్యూబ్ మానిటర్ ఉంది. పీసీ వీజీఏ వైర్లు కలిపితే ఒకే బొమ్మ పక్కపక్కన రెండుగా, ఏటవాలు గీతలతో వస్తోంది, సన్నగా కూత కూడా వినిపిస్తోంది. పాత గేమ్ బోర్డు పెడితే మాత్రం శుభ్రంగా ఉంది. ట్యూబ్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (మిర్యాలగూడ):
ముందు పవర్ తీసెయ్ తమ్మీ. గేమ్ బోర్డుతో బాగా వస్తోందంటే ట్యూబ్‌కు ఏం కాలేదు. ఆ మానిటర్ సెకనుకు సుమారు 15,700 గీతలు గీస్తుంది, పీసీ 640×480లో పంపేవి దాదాపు 31,500, అంటే రెట్టింపు, అందుకే ఒక్క గీతలో రెండు గీతలు ఇరుక్కుని బొమ్మ జంటగా పడుతోంది. అట్లనే నడిపితే ఆ గీతలు గీయించే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

జవాబు (మహబూబ్‌నగర్):
నాకూ ఇదే అయింది. పీసీలో పాత రేడియాన్ గ్రాఫిక్స్ కార్డు పెట్టి, సీఆర్‌టీ ఎమ్యూడ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి 15 కిలోహెర్ట్జ్‌కు, అంటే ఆ మానిటర్ గీసే గీతల లెక్కకు దించాను. కానీ విండోస్ వచ్చేదాకా బూట్ స్క్రీన్ 31 కిలోహెర్ట్జ్‌లోనే ఉండొచ్చు, అప్పటిదాకా మానిటర్ ఆన్ చేయకు. పీసీని ఆర్కేడ్ మెషీన్ వైర్లకు కలిపే జే-ప్యాక్ బోర్డు దొరికితే ఇంకా మంచిది, ఎక్కువైన సింక్‌ను (గీతల వేగం చెప్పే సిగ్నల్‌ను) అదే ఆపేస్తుంది, వీజీఏ రంగుల సిగ్నల్‌ను కూడా పెంచుతుంది.

అడిగినవారు:
కార్డు మార్చాను అన్నా, బొమ్మ ఒక్కటే వస్తోంది! కాకపోతే మెల్లగా పైకి జారుతోంది.

జవాబు (మిర్యాలగూడ):
మానిటర్ బోర్డు మీద వర్టికల్ హోల్డ్ అని చిన్న నాబ్ ఉంటుంది, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పు. ట్యూబ్ మీది రబ్బరు మూత జోలికి మాత్రం పోకు, పవర్ తీసినా అక్కడ కరెంట్ నిలిచి ఉంటుంది.