దీర్ఘచతురస్రంలో మూల నుంచి మూలకి గీస్తే నాలుగు సమాన భాగాలు అవుతాయా? రెండో తరగతి బాబుకి ఎలా చెప్పాలి?

ప్రశ్న (రెండో తరగతి బాబు అమ్మ, హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా బాబుకి బడిలో ఆకారాల్ని సమాన భాగాలు చేయడం మొదలుపెట్టారు. వర్క్‌షీట్‌లో ఒక దీర్ఘచతురస్రం ఇచ్చి నాలుగు సమాన భాగాలు చేయమన్నారు. వీడు మూల నుంచి మూలకి రెండు గీతలు గీశాడు, గుణకారం గుర్తులాగా. తప్పు అని ఇంటూ కొట్టి పంపారు. చూస్తే నాకూ పైనా కిందా ఉన్న ముక్కలు వెడల్పుగా, పక్కన ఉన్నవి సన్నగా కనిపించాయి. "సరిగ్గా చూసి గీయొచ్చు కదా" అని నేనూ కోప్పడ్డాను. వాడు ఏడ్చాడు. రాత్రి మళ్ళీ ఆ కాగితం చూస్తుంటే అనుమానం వచ్చింది. అది నిజంగా తప్పేనా?

ఇంకా కొన్ని ఉన్నాయి. గుండ్రాన్ని మూడు భాగాలు చేయమంటే బ్రెడ్డు కోసినట్టు నిలువుగా రెండు గీతలు గీస్తాడు. నాలుగు భాగాలు అంటే నాలుగు గీతలు గీసి ఐదు ముక్కలు చేస్తాడు. సగం ఎక్కువా, పావు ఎక్కువా అంటే పావు అంటాడు, రెండు కంటే నాలుగు పెద్దది కదా అని. శనివారం పరీక్ష. వాడికి లేదు కానీ నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (ప్రాథమిక పాఠశాల టీచర్, ఖమ్మం జిల్లా)

అమ్మా, ముందు బాబుని దగ్గరికి తీసుకుని "నువ్వు చేసింది రైటే" అని చెప్పండి. ఆ నాలుగు ముక్కలూ సమానమే. మీకు నమ్మకం కుదరడానికి ఒక పని చేయండి, బాబుని పక్కన కూర్చోబెట్టుకుని.

గళ్ల నోటుబుక్కులో 12 గళ్ల పొడవు, 8 గళ్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం గీసి కత్తిరించండి. మూల నుంచి మూలకి రెండు గీతలు గీసి నాలుగు ముక్కలూ వేరు చేయండి. ఇప్పుడు ఒక్కో ముక్కని సరిగ్గా మధ్యకి మడిచి, మడత మీద కత్తిరించండి. మొత్తం ఎనిమిది చిన్న త్రిభుజాలు వస్తాయి. వాటిని తిప్పుతూ, అవసరమైతే బోర్లించి, ఒకదాని మీద ఒకటి పెట్టమనండి. ఎనిమిదీ అచ్చంగా ఒకటే. ఒక్కోదానికి ఒక వైపు 6 గళ్లు, ఇంకో వైపు 4 గళ్లు. వెడల్పు ముక్కలోనూ అవి రెండే, సన్న ముక్కలోనూ రెండే. కాబట్టి నాలుగూ సమానం. గళ్ల లెక్కలో చెప్పాలంటే మొత్తం 96, ఒక్కో ముక్కకి 24.

మనం పొరబడేది ఇక్కడే. సమానం అంటే ఒకేలా కనిపించడం అనుకుంటాం. సమానం అంటే ఒకే అంత ఉండటం. ఆకారం వేరైనా సరే. పిల్లలకి ఈ తేడా చిన్నప్పుడే చేతితో తెలిస్తే పై తరగతుల్లో భిన్నాలు, వైశాల్యం వచ్చినప్పుడు భయపడరు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఒక జాగ్రత్త. దీర్ఘచతురస్రాన్ని ఒక మూల నుంచి ఎదుటి మూలకి మడిస్తే అంచులు కలవవు. అందుకని "ఇవి సగాలు కావు" అనేస్తారు పిల్లలు. కత్తిరించి, ఒక ముక్కని తిప్పి రెండోదాని మీద పెడితే సరిగ్గా సరిపోతుంది. చతురస్రానికి ఈ ఇబ్బంది ఉండదు, మడిచినా కలుస్తుంది. అందుకే మొదట చతురస్రంతో మొదలుపెట్టి, తర్వాత దీర్ఘచతురస్రానికి రండి.

నాలుగు గీతల విషయం: వాడు ముక్కల్ని కాకుండా గీతల్ని లెక్కపెడుతున్నాడు. కొన్నాళ్లు పెన్సిల్ పక్కన పెట్టి మడతలే చేయించండి. ఒకసారి మడిస్తే రెండు, మళ్ళీ మడిస్తే నాలుగు. విప్పాక ఒక్కో గడిలో వేలు పెట్టి లెక్కపెట్టమనండి. ఆ తర్వాత మడతల మీద గీతలు గీయమనండి.

జవాబు 2 (మనవరాలికి లెక్కలు చెప్పే తాతయ్య, తెనాలి)

పావు, సగం సంగతి ఒక్కటే చెబుతాను అమ్మాయీ. మా చిన్నప్పుడు నాలుగు పావలాలు రూపాయి అని చేతిలో తెలిసేది. 2011 జూన్ 30తో పావలా నాణెం చెల్లకుండా పోయింది. ఇప్పటి పిల్లలకి పావు అనే మాట చెవికి తెలుసు గానీ చేతికి తెలియదు. కూరగాయల బజారుకి తీసుకెళ్లి ఒక సంచిలో పావు కిలో టమాటాలు, ఇంకో సంచిలో అరకిలో వేయించి, వాడి రెండు చేతులకీ ఇవ్వండి. ఏది బరువో వాడే చెబుతాడు. ఇంటికొచ్చాక ఒక చపాతీని ఇద్దరికి, అంతే ఉన్న ఇంకో చపాతీని నలుగురికి పంచమనండి. పంచుకునేవాళ్లు పెరిగితే వాటా తగ్గుతుందని వాడికే అర్థమవుతుంది.

ఇంట్లో మనం "పెద్ద సగం అన్నకి, చిన్న సగం నీకు" అంటుంటాం. అది మానుకోండి. సగంలో పెద్దా చిన్నా ఉండవు.

జవాబు 3 (ఇద్దరు పిల్లల నాన్న, అమెరికా)

ఇక్కడ కామన్ కోర్ (ఏ తరగతిలో ఏం నేర్పాలో చెప్పే ఉమ్మడి ప్రమాణాలు) పాటించే రాష్ట్రాల్లో ఒకటో తరగతిలో రెండు, నాలుగు భాగాలే ఉంటాయి. మూడు భాగాలు రెండో తరగతిలో వస్తాయి. సమాన భాగాలు ఒకే ఆకారంలో ఉండనక్కర్లేదు అన్నది కూడా రెండో తరగతి పాఠంలోనే ఉంది. మూడు భాగాలు కష్టం అనిపించడం సహజం, సగానికి సగం మడిస్తే అది రాదు కదా. అందుకని బాబు మీద కోప్పడకండి.

మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతి: ఒకరు కోయాలి, రెండోవాళ్లు ముందు తీసుకోవాలి. మా పాప పెసరట్టు కోసే ముందు ఎంతసేపు కొలుస్తుందో! వర్క్‌షీట్ మీద ఎప్పుడూ అంత శ్రద్ధ చూపించలేదు.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, త్రిభుజాలు కత్తిరించాం. ఎనిమిదీ కలిసినప్పుడు వాడి ముఖం చూడాలి. నేను వాడికి సారీ చెప్పాను. టమాటాల పని రేపు చేస్తాం తాతగారూ. గుండ్రానికి మూడు భాగాలు మాత్రం ఇంకా రావట్లేదు.

జవాబు 1 (టీచర్)

చాలా సంతోషం అమ్మా. నిలువు గీతలు ఎందుకు కుదరవో ముందు చూపించండి. ఒక దోసెని వాడు గీసినట్టే ఒకే వెడల్పుతో మూడు చారలుగా కోయండి. పక్క ముక్కని మధ్య ముక్క మీద పెట్టండి. మధ్యది ఎంత మిగులుతుందో కనిపిస్తుంది. లెక్క కడితే మధ్య ముక్కకి దాదాపు 42 శాతం, పక్కవాటికి 29 శాతం చొప్పున వస్తుంది.

ఇప్పుడు కాగితం. పళ్లెం బోర్లించి గుండ్రం గీసి కత్తిరించండి. సగానికి మడవండి. ఆ సగాన్ని మధ్య బిందువు దగ్గర వేలితో నొక్కిపట్టి, వేరుశెనగల పొట్లం చుట్టినట్టు రెండు వైపుల నుంచీ మడవండి. మూడు పొరలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా సర్దండి. విప్పితే ఆరు సమాన భాగాలు ఉంటాయి. రెండేసి భాగాలకి ఒక రంగు వేయిస్తే మూడు భాగాలు వచ్చినట్టే. పరీక్షలో గీయడానికి గడియారం గుర్తు చేయండి: మధ్య నుంచి 12కి ఒక గీత, 4కి ఒకటి, 8కి ఒకటి.

ఇక ఆ ఇంటూ సంగతి. బడికి వెళ్లి వాదించవద్దు. ఆ ఎనిమిది త్రిభుజాలూ ఒక కవర్లో పెట్టి బాబు చేతికే ఇవ్వండి. "టీచర్, ఇవి చూడండి" అని వాడే పేర్చి చూపిస్తాడు.