సొంతంగా కట్టుకునే క్యాంపర్ ట్రైలర్‌కు వెనుక వంట డిక్కీ తలుపు ఎలా చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. కారు వెనుక తగిలించుకుని వెళ్లి రాత్రి పడుకోవడానికి వాడే, ఐదడుగుల వెడల్పున్న చిన్న క్యాంపర్ ట్రైలర్‌ను ఇంటి దగ్గరే కట్టుకుంటున్నాను. ముందు భాగంలో పడక, వెనుక భాగంలో స్టవ్వు, సామాన్లు ఉండే వంట అర వస్తాయి. ఆ అరకు పైకప్పు నుంచి వంపు తిరిగి కిందికి దిగే తలుపు కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు పడే వానలకు మడతబందుల దగ్గర నీరు దిగకుండా ఏం చేయాలి? తలుపును ఎత్తి నిలిపే గ్యాస్ షాకర్లు ఎంత బలమైనవి కొనాలి?

జవాబు (నెల్లూరు నుంచి)

నీటి సంగతి నేను అనుభవించి నేర్చుకున్నాను. మైపాడు తీరంలో ఒక రాత్రి వాన పడితే, పొద్దున తలుపు ఎత్తేసరికి బియ్యం డబ్బా మూత మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, ప్లైవుడ్ అంచు వేలితో నొక్కగానే పొరలుగా విడిపోయింది. రబ్బరు బీడింగ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం నా పొరపాటు. బీడింగ్ దాటి కొంత నీరు వస్తుందనే అనుకుని, దాని లోపలి వైపు చూరు కింది దోనెలాగా ఒక రేకు కాలువ పెట్టి, రెండు పక్కలా కిందికి దించేయండి. మడతబందు మీద, పెంకుటింట్లో పై వరుస పెంకు కింది వరుసను కప్పినట్లు, ముందు వైపు నుంచి వెనక్కి వాలే రబ్బరు పట్టీ వేయండి. కోసిన ప్రతి ప్లైవుడ్ అంచుకూ, ప్రతి స్క్రూ రంధ్రానికీ ఎపాక్సీ (నీరు పీల్చకుండా గట్టిపడే రెసిన్ పూత) పట్టించండి. ఉప్పు గాలి తగిలే చోట 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బందులు, స్క్రూలే మంచివి.

జవాబు (ఒంగోలు నుంచి)

షాకర్లు చివరగా కొనండి. తలుపుకు రేకు, గొళ్లెం, లైటు అన్నీ బిగించాకే తూకం వేయాలి. ఉదాహరణకు బరువు 18 కిలోలు, బరువు కేంద్రం మడతబందుకు 55 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, తలుపు అడ్డంగా నిలిచినప్పుడు దాన్ని కిందికి తిప్పే బలం సుమారు 97 న్యూటన్ మీటర్లు. షాకర్ తోసే గీతకూ మడతబందుకూ మధ్య లంబదూరం 15 సెంటీమీటర్లయితే, రెండు షాకర్లలో ఒక్కొక్కటి దాదాపు 325 న్యూటన్లు మోయాలి. కాబట్టి 350 న్యూటన్లవి సరిపోతాయి. మరీ బలమైనవి వేస్తే మూసి ఉన్నప్పుడు కూడా తోస్తూనే ఉండి తలుపును వంచేస్తాయి, పైగా మే నెల ఎండకు లోపలి వాయువు పీడనం ఇంకా పెరుగుతుంది. మూసినప్పుడు షాకర్ కడ్డీ కిందికి ఉండేలా బిగిస్తే, లోపలి నూనె సీలును తడిగా ఉంచుతుంది.

వంపు పక్కటెముకలను 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కోసి, పైన 3 మిల్లీమీటర్ల పలకను అతికేటప్పుడు ట్రైలర్ గోడలనే అచ్చుగా వాడుకోండి. జిగురు పూర్తిగా ఆరకముందే తీస్తే పలక వంపు విప్పుకుంటుంది, తరువాత కింది అంచు ఎంత నొక్కినా గోడకు ఆనదు.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. షాకర్లకు ఇవ్వబోయిన ఆర్డరు ఆపేశాను. చిన్న గ్యాస్ సిలిండరు కూడా ఆ అరలోనే పెడదామనుకుంటున్నాను. ఫరవాలేదా?

జవాబు (నెల్లూరు నుంచి)

పడక గదిలోకి గాలి చొరబడని అడ్డుగోడ ఉంటేనే పెట్టండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు కనుక, అర నేల మట్టానికే బయటికి తెరుచుకునే రంధ్రాలు పెట్టి, ఎలుకలు రాకుండా జాలీ బిగించండి. స్టవ్వు వెలిగించేటప్పుడు తలుపు పూర్తిగా ఎత్తి ఉండాలి.